డేటాబేస్ తాతకి ఎండు నెత్తళ్ళు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఊరికే దొరికే ప్రతి వస్తువు వెనకా ఎక్కడో ఒక పెద్ద ఆఫీసు ఉంటుందనీ, అందులో ఫ్యాన్ల కింద జీతగాళ్ళు బోలెడంతమంది కూర్చుని ఉంటారనీ, మనం అడగడమే ఆలస్యమనీ. ఆ రోజుల్లో అన్నానని నా జుట్టు నెరిసిపోయిందనుకోకండి. నా డిగ్రీ పట్టా ఇంకా ప్లాస్టిక్ కవరు విప్పని రోజుల సంగతి. (ఇప్పటికీ విప్పలేదు. మా సోనేపూర్‌లో సముద్రపు గాలికి కాగితం మెత్తబడిపోతుందని మా అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. మా ఇంట్లో డిగ్రీ అనే వస్తువు అదొక్కటే కాబట్టి నేనూ ఏమీ అనలేదు.) వరసగా చెప్పుకొద్దామనే కూర్చున్నాను గానీ కడుపులో మాట ఆగడం లేదు, అసలు వార్త ముందే చెప్పేస్తాను. దేశదేశాల్లో వాడే ఒక ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లో, కరెంటు పోయినప్పుడు సమాచారం చెడిపోకుండా కాపాడే భాగం ఒకటుంది. ఈ వారం నుంచి ఆ భాగాన్ని చూసుకునే బాధ్యత ముగ్గురిది. ఆ ముగ్గురిలో నేనొకదాన్ని!

ఈ సంగతి ఫోనులో చెప్పగానే మా అమ్మ, "అయితే జీతం పెరిగినాదేటి?" అంది. దీనికి విడిగా జీతం ఉండదమ్మా అన్నాను. "జీతం నేని పనికి ఇంత సంబరమేటే నీకు?" అని కసిరి ఫోను పెట్టేసింది. సాయంత్రానికి మాత్రం మా రేవులో వల బాగుచేసుకుంటున్న వాళ్ళ దగ్గర్నుంచి చేపల బుట్ట ఎత్తుకుని బస్సెక్కే వాళ్ళ దాకా అందరికీ చెప్పేసిందట. ఏం చెప్పిందో నేను అడగలేదు. మర్నాడు మా పక్కింటి పిన్ని ఫోను చేసి, ఊళ్ళో కరెంటు ఎప్పుడొస్తుందో నన్ను అడిగింది. దాన్నిబట్టి కొంత అర్థమైంది.

ఇక మొదటికి వస్తాను. డిగ్రీ అయ్యాక నాకు ఉద్యోగం దొరికింది ఒడిశాలోనే, మా ఊరికి దగ్గరి బరంపురంలో, పప్పుల హోల్‌సేల్ కొట్లుండే వీధిలో, ఒక మేడ మీది గదిలో. ఆ గది యజమానిని వీధంతా చిన్న సావుకారు అనేవారు. వాళ్ళు ఎప్పుడో తాతల కాలంలో ఇక్కడికొచ్చి స్థిరపడ్డ తెలుగు వర్తకులు, పప్పుల వ్యాపారం, పక్కా శాకాహారులు, ఇంట్లో ఉల్లిపాయ కూడా ఆలోచించి కోస్తారు. ఆయన మాత్రం పప్పులు వదిలేసి కంప్యూటర్లు పట్టుకున్నారు. వాళ్ళ నాన్నగారు, అంటే పెద్ద సావుకారు, ఆ వీధి వర్తకుల సంఘానికి పెద్ద. కొడుకు ఆఫీసు తెరిచిన నాటి నుంచీ ఒక్కసారి కూడా మేడెక్కలేదు. మోకాళ్ళకి మెట్లు పడవని చెప్పేవారు. పక్క మేడ మీదున్న గోదాముకి మాత్రం పొద్దున్నా సాయంత్రం ఎక్కి దిగేవారు. చిన్న సావుకారు ఆ అడుగుల చప్పుడు వింటూ కీబోర్డు తుడుచుకునేవారు.

మా పని ఏమిటంటే, ఎవరైనా ఊరికే తెచ్చుకుని వాడుకోగల ఆ డేటాబేస్‌ని వర్తకుల కొట్లలో పెట్టి, అది నడిచేలా చూడడం. వస్తువు ఉచితం, దాన్ని చూసుకున్నందుకు మాకు ఏడాదికింత అని ఇస్తారు. మా ఖాతాదారులందరిలోకీ పెద్దది వర్తకుల సంఘం. ఆ సంఘం పోతే మిగిలేది ఒక ఐసు ఫ్యాక్టరీ, రెండు మందుల దుకాణాలు. వాటితో గది అద్దె కూడా గట్టెక్కదు. కొట్లకి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు, "ఏటమ్మా, ఊరికే వచ్చిందానికి మీకెందుకు ఇయ్యాల?" అని అడిగేవారు. నేను కాలేజీలో చదివిందంతా ఏకరువు పెట్టేదాన్ని. వాళ్ళు మర్యాదగా విని, టీ తాగించి, అదే ప్రశ్న మళ్ళీ అడిగేవారు.

నేను చేరిన ఏడాదే తుఫాను వచ్చింది. మా వైపు తుఫాను కొత్త కాదు. స్తంభాలు వంగాయి, ఇన్వర్టర్లు ఉన్నంతసేపు ఉండి ఆరిపోయాయి. కరెంటు తిరిగొచ్చాక అన్ని కొట్లలో మెషిన్లు లేచాయి గానీ, పెద్ద సావుకారు కొట్టులోది మాత్రం లేచి కూడా డేటాబేస్ తెరవనంది. ఏ గోదాములో ఏ సరుకుందో అన్నీ అందులోనే. చిన్న సావుకారు తనకి తెలిసినవన్నీ చేసి చూసి, చెమట తుడుచుకుని నావైపు చూశారు. మిగిలిందొక్కటే దారి. ఆ డేటాబేస్ రాసేవాళ్ళూ వాడేవాళ్ళూ కలిసి ఉండే మెయిలింగ్ లిస్ట్ ఒకటుంది, ఒకరు రాస్తే లోకమంతా చదువుతుంది. అక్కడ అడగాలి. నేను అడిగాను. ఎలా అడిగానంటే, కాలేజీలో ప్రిన్సిపాలుగారికి సెలవు చీటీ రాసినట్టే. గౌరవనీయులైన అయ్యలకు అని మొదలుపెట్టి, గంజాం జిల్లా వాసినని, మా కుటుంబంలో మొదటి పట్టభద్రురాలినని, ఫస్టు క్లాసులో ప్యాసయ్యానని, ఆ తర్వాత చాలా కిందకి వచ్చాక డేటాబేస్ తెరుచుకోవడం లేదని రాసి, మీ విధేయురాలు అని సంతకం పెట్టాను. (ఆ మెయిల్ ఇప్పటికీ అక్కడే ఉంది. అలాంటి లిస్టుల్లో ఏదీ చెరిగిపోదన్న సంగతి నాకు అప్పుడు తెలియదు.)

జవాబు ఒకాయన దగ్గర్నుంచి వచ్చింది. నా క్లాసు గురించి ఏమీ అనలేదు. మెషిన్ రాసుకున్న తప్పుల ఫైలు పంపమన్నాడు. పంపాను. ఇంకో ప్రశ్న. చెప్పాను. తర్వాత రెండు ఆదేశాలు రాసి, ముందు మొత్తం ఒక కాపీ తీసుకుని అప్పుడే ఇవి నడపమన్నాడు. నడిపాం. తుఫాను రోజు తూచిన చివరి కందిపప్పు బస్తాతో సహా అన్నీ తిరిగొచ్చాయి. చిన్న సావుకారు గోడవైపు తిరిగి ముఖం తుడుచుకున్నారు. నేను థాంక్స్ అని పేజీన్నర రాశాను. దానికి జవాబు లేదు. ఇంత తక్కువ మాట్లాడే మనిషి ముసలాయనే అయ్యుంటాడని నేను తేల్చేశాను. ఆ రోజు నుంచి మా గదిలో ఆయన పేరు తాత.

కొన్నాళ్ళకి తాత మళ్ళీ రాశాడు, నాకు కాదు, అందరికీ. ఆయన రాసిన వాటిలో అదే పొడుగైన మెయిల్. తను పగలంతా వేరే చోట ఉద్యోగం చేస్తాననీ, ఈ భాగాన్ని మిగిలిన వేళల్లో ఒక్కడే చూస్తూ వచ్చాననీ, దీని మీద వ్యాపారాలు నడిపేవాళ్ళు చాలామంది ఉన్నారనీ, వాళ్ళంతా ఎప్పుడవుతుందని అడిగేవాళ్ళే తప్ప పక్కన కూర్చునేవాళ్ళు లేరనీ రాశాడు. కోపం లేదు అందులో. వచ్చే వెర్షన్ అయ్యాక ఈ బరువు దింపేస్తాననీ, ఎవరూ తీసుకోకపోతే ఈ భాగాన్ని చూసేవారు లేరని బోర్డు పెట్టెయ్యమనీ చివర్న ఉంది. నేను దాన్ని గట్టిగా చదివాను.

చిన్న సావుకారు అన్నారు, "వచ్చే వారం సంఘం వోళ్ళు కూకుంటారు. మనల్ని ఉంచాలా, ఏదైనా పెద్ద కంపెనీ సరుకు కొనుక్కోవాలా అని. ఈ కబురు నాన్న సెవిన పడకూడదు."

"పడితే ఏటవుతాది సార్?"

"సూసేవోడే నేని సరుకుని మన నెత్తికెందుకు ఎత్తినావురా అంటారు. నాకాడ జవాబు నేదు."

ఆ ఆదివారం ఇంటికి వెళ్ళాను. మొహం చూసి మా అమ్మ అడిగింది, చెప్పాను. తుఫానప్పుడు సావుకారు కొట్టు నిలబెట్టినాయన ఇప్పుడు పని మానేస్తున్నాడని. అమ్మ చేటలో ఎండు చేపలు ఏరుతూ, "ఆడికి కూర ఇచ్చినారా?" అంది.

ఇది మా రేవు పద్ధతి, చెప్పకపోతే మీకు తెలియదు. మా దగ్గర పెద్దవల లాగుతారు, ఒడ్డు మీంచి రెండు తాళ్ళు పట్టుకుని. వల ఎవరిదైనా కావచ్చు, దారిన పోయేవాడు వచ్చి తాడు మీద చెయ్యేస్తే చాలు, వల ఒడ్డుకొచ్చాక వాడికి కూరకి సరిపడా చేపలు వెయ్యాల్సిందే. వాడు అడగడు, వీళ్ళు అడిగించుకోరు. వెయ్యకుండా పంపితే ఆ వలవాళ్ళ గురించి రేవులో మంచిగా అనుకోరు.

"అమ్మా, ఆయన ఎక్కడో మంచు పడే దేశంలో ఉన్నాడు."

"మంచు పడే కాడ ఆడికి సేపలేటి దొరుకుతాయి? మరీ పంపాల."

"మన రేవు తాడు కాదమ్మా ఇది."

"లాగినాడా నేదా?"

లాగాడు. ఆ మాట కాదనలేను. అమ్మ మంచి నెత్తళ్ళు ఏరి, కాగితంలో చుట్టి, దాని మీద గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ సంచి కట్టి నా చేతిలో పెట్టింది. నేను పట్టభద్రురాలిని కదా, ఒక్క క్షణం ఆలోచించి ఉండాల్సింది. బస్సు దిగి ఆఫీసుకి వచ్చి, తిన్నగా లోకమంతా చదివే లిస్ట్‌లో రాశాను: అయ్యా, మా అమ్మ మీకు ఎండు నెత్తళ్ళు పంపుతోంది, దయచేసి మీ ఇంటి చిరునామా తెలుపగలరు.

ఇక చూడండి. వాటిని వేయించుకుని తింటారా, పులుసు పెడతారా అని ఒకాయన అడిగాడు. తను చేపలు తినడు గానీ కళ్ళు చెమర్చాయని ఇంకొకాయన. ఈ లిస్ట్ సాంకేతిక విషయాలకే అని ఒక పెద్దమనిషి హెచ్చరించాడు. ఎండబెట్టడం కూడా నిల్వ చేసే పద్ధతే కాబట్టి ఇది సాంకేతికమేనని మరొకరు వాదించారు. ఆ వాదన మూలంగా ఆ రోజు అసలు ప్రశ్నలేవీ ఎవరూ పట్టించుకోలేదు. తాత మాత్రం పలకలేదు. చిన్న సావుకారు అదంతా చదివి తల పట్టుకుని, "అమ్మీ, నువ్వు మంచిదానివే గానీ..." అని ఆపేశారు. మిగతాది నేనే నింపుకున్నాను.

చిరునామా వచ్చేదాకా ఆ మూటని ఎక్కడ పెట్టాలి? ఎవరికీ కనబడకుండా ఇన్వర్టర్ వెనక పెట్టాను. ఇన్వర్టర్ వెచ్చగా ఉంటుందన్న సంగతి డిగ్రీలో చెప్పారు, నేనే మర్చిపోయాను.

సంఘం కూర్చోవలసిన రోజు ఇంకా రాకముందే, ఒక పొద్దున్న మెట్ల మీద అడుగులు వినిపించాయి. గోదాము మెట్లు కావు, మావి. చిన్న సావుకారు లేచి నిలబడ్డారు. తెల్ల పంచె, నుదుట బొట్టు, చేతికర్ర, ఒక్కొక్క మెట్టే ఎక్కి పెద్ద సావుకారు గుమ్మంలోకి వచ్చారు. సంఘంలో మాట చెప్పేముందు ఒకసారి కళ్ళారా చూసిపోదామనుకున్నారేమో. కొడుకు ఆఫీసుని మొదటిసారి చూస్తున్న మనిషి ముఖంలో ఏదో మెత్తబడింది, నేను చూశాను. అంతలో ఆయన ముక్కు కదిలింది. కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఏట్రా ఈ కంపు?"

"ఇన్వర్టర్ నాన్నా. బ్యాటరీ పోయినట్టుంది."

"బ్యాటరీ పోతే ఎండుసేపల కంపు కొడతాదేట్రా?"

చిన్న సావుకారు నావైపు చూడలేదు. అదే నన్ను చంపేసింది. "అది నాదండి పెద్దబాబూ," అన్నాను. ఎవరికి, ఎందుకు అని ఆయన అడిగారు. అబద్ధం చెప్పడం నాకు చేతకాక కాదు, ఆ వాసన పక్కన ఏ అబద్ధమూ నిలబడేలా లేక, తాత సంగతి మొత్తం చెప్పేశాను, దింపేస్తానన్న మెయిల్‌తో సహా.

ఆయన లోపలికి రాలేదు. కుర్చీ గడప బయట వేయించుకుని, కండువా తియ్యకుండానే విచారణ మొదలుపెట్టారు.

"ఆడికి నెల నెలా ఎవుడిత్తాడు?"

"ఎవరూ ఇవ్వరు నాన్నా."

"మరి మేమిచ్చింది ఎక్కడికి ఎల్తన్నాది?"

"మాకే. మేం సపోర్ట్ ఇస్తాం గదా."

"మీకు తెలీనిదొస్తే?"

"ఆయన్ని అడుగుతాం."

"ఆడికి తెలీకపోతే?"

కింద వీధిలో ఎవరో ఒడియాలో బండి పక్కకి తియ్యమని అరుస్తున్నారు.

"అంటే ఇన్నాళ్ళూ ఈ వీధంతా మీకు ఇచ్చింది, మీరు ఆడిని అడిగినందుకన్నమాట," అన్నారు పెద్ద సావుకారు. చిన్న సావుకారు తల వంచుకున్నారు. నా ఉద్యోగం మెట్లు దిగిపోతున్నట్టు అనిపించింది. ఆయన కర్ర నేలకి ఆనించి కాసేపు వీధిలోకి చూశారు. "మన వీధికి కాపలావోడు ఉన్నాడు గదరా. సందా ఇయ్యనోళ్ళూ ఉన్నారు. ఆళ్ళ కొట్టు ముందర ఆడు కళ్ళు మూసుకుని నడవడు గదా. అందుకని మనం ఇవ్వడం మానేసినామా? పోయినేడు ఆడు జొరంతో పడిపోతే వీధి వీధంతా తలుపుల కాడ కూకున్నాం. మరేటి సేసినాం తరవాత?"

"రెండోవోడిని పెట్టినాం."

"ఆఁ. ఒక్కడి మీద ఆనుకున్న సరుకు సరుకు కాదురా. ఈ పిల్లని ఆ ముసిలోడి దగ్గర పనికెట్టు. ఒక పూట అక్కడ, ఒక పూట ఇక్కడ."

"ఒక పూట అక్కడికి పోతే మన కస్టమర్ల పని ఎవరు సేత్తారు నాన్నా?"

"అక్కడ సేసీది ఆళ్ళ పని కాదేట్రా?" అని లేచారు. "సంఘంలో నాను సెప్తాను. ఆ మూట బేగి పంపించీ. మా తరపున అప్పడాలు ఎట్టు. నాను తర్వాత వత్తాను, ఈ కంపు పోయినాక." కొడుకు భుజం మీద చెయ్యి వెయ్యబోయి, దాన్ని రెయిలింగు మీద వేసుకుని దిగిపోయారు. చిన్న సావుకారు ఆ రోజు కీబోర్డు చాలాసేపు తుడిచారు.

సంఘం మమ్మల్నే ఉంచుకుంది. తాత చివరికి చిరునామా పంపాడు. (ఒక్క చిరునామాయే, ఇంకో ముక్క లేదు.) కొరియర్ ఆఫీసులో కుర్రాడు మూట వాసన చూసి, "శుఖువా? జిబొ నాహిఁ ఆగ్యాఁ" అన్నాడు. ఎండు చేపలు పోవండీ అని. బతిమాలాను, చూపించాను, మా అమ్మ పేరు కూడా చెప్పాను. లాభం లేకపోయింది. అప్పడాలు వెళ్ళాయి. నెత్తళ్ళు నాతోపాటు బస్సులో తిరిగి సోనేపూర్ వచ్చాయి. "మన సేపలు ఒద్దని సావుకారి అప్పడాలు ఎల్లినాయేటి?" అని అమ్మ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఆ పార్సిల్ చేరాక తాత నాకు విడిగా రాశాడు. అప్పడాలన్నీ పొడి అయిపోయాయట. ఆ పొడిని సూపులో వేసుకుని చెంచాతో తిన్నాడట, తినే పద్ధతి అదేనా అని అడిగాడు. అదే అని రాశాను. ఆ కింద గీత గీసి, నువ్వు చెయ్యాల్సిన మొదటి పని ఇది అని ఒక చిన్న లోపం పంపాడు. వెళ్ళిపోతానన్న మాట వెనక్కి తీసుకోలేదు. పక్కన కూర్చున్న మనిషికి పని వచ్చేదాకా ఉంటానన్నాడు, అంతే.

కూర్చున్నాను. ఫస్టు క్లాసు పట్టభద్రురాలు రాసి పంపిన మొదటి సవరణకి జవాబు, కాదు. రెండోదానికి, ఇది కూడా కాదు. అమ్మ ఫోనులో, "ఏటన్నాడు?" అని అడిగేది. కాదన్నాడమ్మా. "తిట్టలేదు గదా?" తిట్టలేదు. "అయితే ఇంకోసారి సెయ్యి." ఎందుకు కాదో తాత ప్రతిసారీ రాసేవాడు, నేను అడిగినదానికంటే పొడుగ్గా. తక్కువ మాట్లాడే మనిషి కాదని అప్పుడు తెలిసింది. అందరికీ జవాబు చెప్పేవాడు ఒక్కడే అయితే ఒక్కొక్కరి వంతుకి ఎన్ని మాటలొస్తాయి? బరంపురంలో ఒక చిన్న గది వాళ్ళు సగం రోజు మనిషిని ఇచ్చారని చూసి, ఎక్కడో ఒక పెద్ద కంపెనీ కూడా ఒకాయన్ని ఇచ్చింది. ఇంకొకావిడ తనంతట తనే వచ్చింది. ఒకసారి మేమంతా వీడియోలో కలుసుకున్నాం. తాత తెరమీదికి వచ్చాడు. నాకంటే ఐదారేళ్ళు పెద్దవాడేమో, నల్లటి జుట్టు, కళ్ళకింద మాత్రం నలుపు. ఆ నలుపు చూశాక ముసలాయనలా ఎందుకు రాసేవాడో అడగాల్సిన అవసరం కలగలేదు.

ఈ వారం ఆయన నిజంగానే దింపేశాడు. బోర్డు పెట్టలేదు. ఇక నుంచి వీళ్ళని అడగండి అని మూడు పేర్లు రాశాడు. నా పేరు చదివి పెద్ద సావుకారు (ఇప్పుడు రోజూ మేడెక్కుతున్నారు, మోకాళ్ళ మాట ఎవరూ ఎత్తరు) వీధిలో అందరికీ టీ ఇప్పించారు.

నిన్న మధ్యాహ్నం ఆ పేర్లకి మొదటి మెయిల్ వచ్చింది. ఏదో దేశంలో ఒక చిన్న ఆసుపత్రి, కరెంటు పోయిందట, డేటాబేస్ తెరుచుకోవడం లేదట, రోగులు బయట కూర్చున్నారట. మిగతా ఇద్దరూ నిద్రపోయే వేళ. నేను ఫైలు అడిగాను, చూశాను, మా మెషిన్ మీద రెండుసార్లు నడిపి చూసుకుని, ముందు కాపీ తీసుకోండి అని మొదలుపెట్టి నాలుగు వరసలు పంపాను. ఆ నాలుగు వరసలకి నాకు మధ్యాహ్నమంతా పట్టింది. పంపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర ముందు కూర్చున్నాను. చిన్న సావుకారు తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ, "ఏటి, ఇంటికి ఎల్లవా?" అన్నారు.

"జవాబు రాలేదు సార్."

"రాదమ్మీ. పనయిపోయుంటాది."

మెచ్చుకోలు వస్తుందని పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు చూస్తున్న నన్ను నేను తల్చుకుంటే నాకే కొంచెం నవ్వొచ్చింది, కొంచెం జాలేసింది కూడా. ఎక్కడో ఆ ఆసుపత్రి వరండాలో ఎవరో తలుపు తీసి, తర్వాతి మనిషిని లోపలికి రమ్మని ఉంటారు. కంప్యూటర్ కట్టేశాను.